పోయిన చోటే వెతకాలి

బెంగళూరులో హూడి సర్కిల్ నుంచి ఐటీపీఎల్ టెక్ పార్కు వైపు సందుల్లోకి తిరిగితే పీజీ హాస్టళ్ల బోర్డుల మీద తెలుగు కనిపిస్తూనే ఉంటుంది. టీ కొట్టు దగ్గర కాసేపు నిలబడితే ఒక పక్క కర్నూలు యాస, ఇంకో పక్క శ్రీకాకుళం యాస చెవిన పడతాయి. ఉద్యోగం చేస్తున్నవాళ్లు, ఉన్న ఉద్యోగం పోయి ఇంకోటి వెతుక్కుంటున్నవాళ్లు, చదువు ముగించి మొదటి ఆఫర్ కోసం తిరుగుతున్నవాళ్లు అందరూ ఒకే మెస్సులో తింటారు. ఇంటర్వ్యూ ఏమైందని అడిగితే ‘క్లియర్ కాలేదు’ అంటారు. మొదటి రౌండులో ఆగినవాళ్లూ అదే అంటారు, చివరి రౌండు దాకా వెళ్లి ఆగినవాళ్లూ అదే అంటారు. ఎక్కడ తప్పిందని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఉండదు.

ఈ తూర్పు బెంగళూరులోనే ఆ ప్రశ్నకు జవాబు వెతకడాన్ని వృత్తిగా పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇస్రో వారి యూ.ఆర్. రావు ఉపగ్రహ కేంద్రం ప్రధాన ఆవరణ పాత ఎయిర్‌పోర్ట్ రోడ్డులో ఉంది. ఉపగ్రహాలను కూర్చి పరీక్షించే ఆవరణ మారతహళ్లి దగ్గర, హూడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉంది. చంద్రుడి మీదికి మన దేశం పంపిన రెండు ల్యాండర్లూ ఈ కేంద్రం కట్టినవే. రెండింటికీ పేరు విక్రమే. మొదటిది చంద్రయాన్-2తో వెళ్లి 2019లో కూలింది, రెండోది చంద్రయాన్-3తో వెళ్లి 2023లో దిగింది. ఆ రెంటి నడుమ జరిగిన పనిని దగ్గరగా చూస్తే, ఓడిపోయాక నేర్చుకోవడం అనేది గుండె ధైర్యం ఒక్కదానితో అయ్యే పని కాదని తెలుస్తుంది.

ఎర్ర గీత, పచ్చ గీత

2019 సెప్టెంబరు 7న, అర్ధరాత్రి దాటాక 1:38కి విక్రమ్ కిందికి దిగడం మొదలుపెట్టింది. అప్పుడు దాని ఎత్తు 30 కిలోమీటర్లు, వేగం సెకనుకు 1,683 మీటర్లు. అంటే గంటకు ఆరు వేల కిలోమీటర్ల పైమాటే. చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి పారాచూట్ పనిచేయదు. వేగం తగ్గాలంటే వెళ్తున్న దిశకు ఎదురుగా ఇంజిన్లు మండించడం ఒక్కటే దారి. బెంగళూరు పీణ్యలోని నియంత్రణ కేంద్రం నుంచి రేడియో సంకేతం అక్కడికి చేరడానికే సెకను పైన పడుతుంది, తిరిగి రావడానికి ఇంకో సెకను పైన. కాబట్టి కింద కూర్చుని నడపడం కుదరదు. దిగడానికి పట్టే ఆ పావుగంటలో ప్రతి నిర్ణయమూ ల్యాండర్‌లోని కంప్యూటరే తీసుకోవాలి.

పీణ్య కేంద్రంలో పెద్ద తెర మీద ఒక ఎర్ర గీత ఉంది. అది ల్యాండర్ వెళ్లవలసిన దారి. దాని మీదుగా ఒక పచ్చ గీత సాగుతూ వచ్చింది. అది ల్యాండర్ నిజంగా వెళ్తున్న దారి. ఆ రాత్రి టీవీల ముందు మేలుకున్న కోట్లమంది ఆ పచ్చ గీత ఎర్ర గీతను వదిలి పక్కకు జారడం చూశారు. ఆ తర్వాత సంకేతాలు ఆగిపోయాయి.

అదే ఏడాది నవంబరులో ప్రభుత్వం పార్లమెంటుకు ఇచ్చిన లిఖితపూర్వక జవాబులో లెక్క ఉంది. 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి 7.4 కిలోమీటర్ల దాకా మొదటి దశ అనుకున్నట్టే నడిచింది, వేగం సెకనుకు 146 మీటర్లకు దిగింది. రెండో దశలో వేగం అనుకున్న దానికంటే ఎక్కువ తగ్గింది. అక్కడి నుంచి లెక్క తప్పి, దిగవలసిన చోటికి 500 మీటర్ల లోపలే ల్యాండర్ నేలను గట్టిగా ఢీకొట్టింది.

వేగం ఎక్కువ తగ్గితే మంచిదే కదా అనిపిస్తుంది. బ్రేకు గట్టిగా పడిన బస్సు స్టాపుకు ముందే ఆగిపోయినట్టు, ల్యాండర్ కూడా చేరవలసిన చోటికి ఇంకా దూరంలో ఉండగానే నెమ్మదించింది. 2023లో చంద్రయాన్-3 ప్రయోగానికి ముందు అప్పటి ఇస్రో అధ్యక్షుడు ఎస్. సోమనాథ్ ఈ తప్పును మూడు ముక్కలుగా విడదీసి వివరించారు. ఐదు ఇంజిన్లూ అనుకున్న దానికంటే కాస్త ఎక్కువ థ్రస్ట్ ఇచ్చాయి. కెమెరాలు ఫొటోలు తీసుకోవడానికి ల్యాండర్ కదలకుండా నిలకడగా సాగవలసిన దశ ఒకటి ఉంది. ఆ దశలో సవరించుకునే వీలు లేక చిన్న చిన్న తేడాలన్నీ పోగుపడ్డాయి. దశ ముగిశాక వాటన్నిటినీ ఒక్కసారిగా సరిచేయాలంటే ల్యాండర్ చాలా వేగంగా తిరగాలి. అంత వేగంగా తిరగవలసి వస్తుందని ముందు ఎవరూ అనుకోలేదు కాబట్టి సాఫ్ట్‌వేర్ ఆ తిరుగుడుకు ఒక హద్దు పెట్టింది. ఇక దిగవలసిన చోటు 500 మీటర్ల పొడవు, 500 మీటర్ల వెడల్పు ఉన్న చిన్న చదరం. ఎలాగైనా అక్కడికే చేరాలని, నేల దగ్గరపడుతున్నా ల్యాండర్ వేగం పెంచుకుంటూ పోయింది.

ఈ మూడింటిలో ఏదీ పెద్ద తప్పులా కనిపించదు. ఇంజిన్ కాస్త బలంగా పనిచేయడం తప్పా? తిరుగుడుకు హద్దు పెట్టడం నిజానికి జాగ్రత్తే. దిగే చోటు ఖచ్చితంగా ఉండాలనుకోవడం కూడా మంచి ఉద్దేశమే. మూడూ ఒకదాని వెనుక ఒకటి వచ్చి పడేసరికి ల్యాండర్ కూలింది. ‘ఎవరు తప్పు చేశారు’ అని అడిగి ఉంటే ఈ గొలుసు ఎవరికీ దొరికేది కాదు, ఎందుకంటే ఈ గొలుసులో ఒక్క మనిషీ లేడు. అనుకున్న గీత ఏది, వచ్చిన గీత ఏది, రెండూ ఏ క్షణంలో విడిపోయాయి అని అడిగినప్పుడే ఇది బయటపడింది.

తేడా పట్టే మెదడు

మన మెదడు నేర్చుకునే పద్ధతీ ఇదే. తెర మీద గుర్తులు చకచకా వస్తుంటే సరైన మీట నొక్కాలి అనే ఆటలో, తప్పు మీట నొక్కిన మనిషి తల మీది ఎలక్ట్రోడ్లు సుమారు సెకనులో పదో వంతు కాలంలోనే ఒక రుణ విద్యుత్ తరంగాన్ని పసిగడతాయి. 1990ల మొదట్లో జర్మనీలో ఫాల్కెన్‌స్టైన్ బృందం, అమెరికాలో గేరింగ్ బృందం దీన్ని విడివిడిగా గుర్తించాయి. ‘తప్పయింది’ అని నోరు అనకముందే మెదడు నుదుటి భాగం లోలోపల ఆ తేడాను నమోదు చేసేస్తుంది.

ఇంకా లోతుకు వెళ్తే డోపమైన్ కణాలు కనిపిస్తాయి. వుల్‌ఫ్రామ్ షుల్జ్ కోతులకు ఒక సంకేతం చూపించి, తర్వాత పండ్ల రసం చుక్కలు ఇస్తూ ఈ కణాల స్పందనను కొలిచాడు. మొదట్లో రసం అందగానే కణాలు చురుగ్గా స్పందించాయి. అలవాటయ్యాక, రసం వస్తుందని చెప్పే సంకేతం కనబడగానే స్పందించడం మొదలుపెట్టాయి, రసం అందినప్పుడు మాత్రం మామూలుగా ఉండిపోయాయి. సంకేతం వచ్చి రసం రాకపోతే, సరిగ్గా రసం రావలసిన క్షణంలో వాటి స్పందన ఉన్నట్టుండి తగ్గిపోయింది. డాయన్, మాంటగ్యూలతో కలిసి షుల్జ్ 1997లో ప్రకటించిన వ్యాసం చెప్పేది ఇది: ఆ కణాలు కొలిచేది బహుమానాన్ని కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య ఉన్న తేడాను.

దీన్నిబట్టి, ముందే ఒక అంచనా లేని చోట ఓటమికి చెప్పేదంటూ ఏమీ ఉండదు. పీణ్య తెర మీద ఎర్ర గీత లేకపోతే పచ్చ గీత ఎటు పోయినా ఒకటే. మెస్సులో ‘క్లియర్ కాలేదు’ అంటున్న కుర్రవాడి దగ్గర సరిగ్గా ఆ ఎర్ర గీతే లేదు. ఏ ప్రశ్నకు ఎంతసేపు పడుతుందనుకున్నాడు, ఎంతసేపు పట్టింది, ఏ మాట దగ్గర ఎదుటివాడి ముఖం మారింది? ఇవేవీ రాసుకోలేదు. కంపెనీ నుంచి వచ్చే మెయిల్‌లో ‘ప్రస్తుతానికి ముందుకు తీసుకెళ్లలేకపోతున్నాం’ అని తప్ప ఇంకో ముక్క ఉండదు.

ఓటమి నుంచి ముఖం తిప్పుకోవడం

మెదడు తేడాను పట్టేంత పదునైనదే అయితే మనుషులు ప్రతి ఓటమి నుంచీ నేర్చుకోవాలి కదా? జరిగేది అలా కాదు. లారెన్ ఎస్క్రైస్-వింక్లర్, అయిలెట్ ఫిష్‌బాక్ 2019లో ప్రకటించిన ప్రయోగాలు దీన్ని చక్కగా చూపించాయి. ప్రశ్నకు రెండే జవాబులు. ఒకటి ఎంచుకోవాలి. కొందరికి సరిగ్గా చెప్పినవి మాత్రమే తెలియజేశారు, కొందరికి తప్పు చెప్పినవి మాత్రమే. ఉన్నవి రెండే జవాబులు కాబట్టి, ‘నీది తప్పు’ అంటే రెండోది ఒప్పని తెలిసిపోతుంది. అందిన సమాచారం రెండు గుంపులకూ సమానం. అయినా తర్వాత అవే విషయాల మీద పరీక్ష పెడితే, తప్పని విన్నవాళ్లు తక్కువ నేర్చుకున్నట్టు తేలింది.

వాళ్లు తెలివి తక్కువవాళ్లేమీ కాదు. తప్పని వినగానే మనసు నొచ్చుకుని, విషయం మీద నుంచి దృష్టి మరల్చేసింది. దీనికి రుజువు కూడా ఆ ప్రయోగాల్లోనే ఉంది. అదే తప్పు ఇంకొకరు చేస్తుండగా పక్కన ఉండి చూసినవాళ్లు చక్కగా నేర్చుకున్నారు. తన ఓటమి మూసేసిన తలుపును ఎదుటివాడి ఓటమి తెరిచింది.

నాకు ఇది హూడి మెస్సు టేబుల్‌కు బాగా పనికొచ్చే సంగతి అనిపిస్తుంది. ఇంటర్వ్యూ పోయినవాడు ఒక్కడే గదిలో కూర్చుని ‘నాలో ఏం లోపం’ అని తవ్వుకుంటే దొరికేది బాధే. అదే నలుగురూ కూర్చుని, ఎవరి రౌండు ఎక్కడ ఆగిందో, ఏ ప్రశ్నకు ఏం రాశారో కాగితం మీద పెట్టి ఒకరిది ఇంకొకరు విప్పి చూస్తే, నొప్పి లేకుండా విషయం దొరుకుతుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు పేపరు బయటికి రాగానే చెట్టు కింద చేరి చేసేది ఇదే. ఉద్యోగాల్లోకి వచ్చాక ఆ అలవాటు ఎందుకు పోతుందో! బహుశా అక్కడ మార్కులు పోతాయి, ఇక్కడ పరువు పోతుందనే భయం కావచ్చు.

ఇస్రో చేసింది ఈ చెట్టు కింద కూడడాన్ని ఒక వ్యవస్థగా మార్చడమే. ప్రయోగం విఫలమైతే వైఫల్య విశ్లేషణ కమిటీ కూర్చుంటుంది. ఆ రాకెట్ కట్టినవాళ్లే కాక, కట్టనివాళ్లు కూడా అందులో ఉంటారు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడినప్పుడు, అప్పటి ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధావన్ పత్రికల ముందుకు తానే వచ్చి బాధ్యత తీసుకున్నారు. మరుసటి ఏడాది జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం మాట్లాడమని ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలామ్‌ను ముందుకు పంపారు. దీన్ని నాయకత్వానికి ఉదాహరణగా చెబుతుంటారు. అందులో నాకు కనిపించేది ఇంకొకటి. నింద ఒక మనిషి భుజం మీదికి వెళ్లిపోవడంతో మిగతావాళ్లంతా తలెత్తి వాల్వుల వైపు చూడగలిగారు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఒక వాల్వు నుంచి ఆమ్లం కారిపోయిందని కనిపెట్టగలిగారు.

ఒకటిన్నర సెకను గ్రాఫు

వెతకడం ఎంత దగ్గరగా జరగాలో తెలియాలంటే 2010 ఏప్రిల్ 15 చూడాలి. ఆ రోజు జీఎస్‌ఎల్‌వీ-డీ3 శ్రీహరికోట నుంచి లేచింది. దాని పై దశలో మనం సొంతంగా తయారుచేసిన క్రయోజెనిక్ ఇంజిన్ ఉంది. సోవియట్ (తర్వాత రష్యా) సంస్థతో 1991లో కుదిరిన ఒప్పందం అమెరికా ఆంక్షలతో చెడింది. రష్యా కొన్ని ఇంజిన్లు అమ్మింది కానీ తయారీ విద్య ఇవ్వలేదు. ఆ విద్యను మనవాళ్లు ఏళ్ల తరబడి సొంతంగా సాధించుకుని, మొదటిసారి ఎగరేస్తున్న రోజు అది. మొదటి రెండు దశలూ బాగా పనిచేశాయి. క్రయో ఇంజిన్ కూడా మండింది. మండిన కాసేపటికే థ్రస్ట్ పోయింది. రాకెట్ సముద్రంలో పడింది.

సముద్రం అడుగుకు పోయిన ఇంజిన్‌ను ఎవరూ విప్పి చూడలేరు. మిగిలింది అది పంపిన టెలిమెట్రీ సంకేతాలే. ద్రవ హైడ్రోజన్‌ను ఇంజిన్‌కు అందించే బూస్టర్ టర్బో పంపు ఒకటి ఉంది. ఆ పంపు నిమిషానికి 34,800 చుట్ల వేగం అందుకుంది, 0.9 సెకను అలా తిరిగింది, నెమ్మదించింది, తర్వాతి 0.6 సెకనులో ఆగిపోయింది. ఒకటిన్నర సెకను గ్రాఫు మాత్రమే విశ్లేషకుల చేతిలో ఉంది. దాన్ని పట్టుకుని వాళ్లు రెండు కారణాలు ఊహించారు. సీల్ ఉన్న చోట ఇరుకై రోటార్ పట్టేసి ఉండాలి. లేదా పీడనం, ఉష్ణోగ్రతల ఒత్తిడికి టర్బైన్ తొడుగు పగిలి ఉండాలి.

ఇక్కడ భౌతికశాస్త్రం సూటిగా వస్తుంది. ద్రవ హైడ్రోజన్ ఉష్ణోగ్రత మైనస్ 253 డిగ్రీల సెల్సియస్. ఆ చలికి లోహాలు కుంచించుకుపోతాయి, కానీ అన్నీ ఒకేలా కుంచించుకోవు. బేరింగుకూ తొడుగుకూ మధ్య గది ఉష్ణోగ్రతలో సరిపోయిన ఖాళీ ఆ చలిలో సరిపోకపోవచ్చు. మళ్లీ తయారుచేసేటప్పుడు ఈ కుంచింపు వ్యాకోచాలను లెక్కలోకి తీసుకుని పంపు డిజైను మార్చారు. ఇంజిన్‌ను మండించే క్రమాన్ని మార్చారు. నేల మీద ఇంజిన్ మండుతుందని తెలిస్తే చాలదు కాబట్టి శూన్యంలో మండుతుందో లేదో తమిళనాడులోని మహేంద్రగిరిలో పరీక్షించారు.

అయినా అంతా సాఫీగా సాగలేదు. ఆ ఏడాదే డిసెంబరు 25న రష్యా ఇంజిన్ పెట్టి ఎగరేసిన జీఎస్‌ఎల్‌వీ కూడా వేరే లోపంతో పేలిపోయింది. 2013 ఆగస్టు 19న మన ఇంజిన్‌తో మళ్లీ సిద్ధమైతే, ప్రయోగానికి గంటంబావు ముందు రెండో దశ ట్యాంకులో ఇంధనం కారడం కనిపించి రాకెట్‌ను వెనక్కి తీసుకెళ్లారు. 2014 జనవరి 5న జీఎస్‌ఎల్‌వీ-డీ5 ఎగిరింది. క్రయో ఇంజిన్ 720 సెకన్ల పాటు మండి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

ఏది మార్చాలి, ఏది ఉంచాలి

మళ్లీ విక్రమ్ దగ్గరికి వద్దాం. ఓడినవాళ్లు తరచూ రెండు పనుల్లో ఒకటి చేస్తారు. పాతదాన్నే పట్టుకుని మళ్లీ అదే పద్ధతిలో ప్రయత్నిస్తారు. లేదా విసుగెత్తి అంతా తుడిచేసి కొత్తగా మొదలుపెడతారు. యియాన్ యిన్, దాషున్ వాంగ్ బృందం 2019లో నేచర్ పత్రికలో ప్రకటించిన పరిశోధన పరిశోధకుల నిధుల దరఖాస్తులనూ స్టార్టప్‌లనూ పెద్ద ఎత్తున పరిశీలించింది. చివరికి గెలిచినవాళ్లూ గెలవనివాళ్లూ దాదాపు సమానంగానే ప్రయత్నించారని అందులో తేలింది. ప్రయత్నాల సంఖ్యలో లేని తేడా, పాత ప్రయత్నాల్లోంచి ఎంత తీసుకుని వాడుకున్నారన్న దానిలో ఉంది. గెలిచేవాళ్లు పనికొచ్చిన భాగాన్ని అలాగే ఉంచి, విరిగిన భాగం మీదే పనిచేస్తారు. దాంతో ఒక ప్రయత్నానికీ ఇంకో ప్రయత్నానికీ మధ్య కాలం తగ్గుతూ వస్తుంది.

చంద్రయాన్-3 సరిగ్గా ఇలాంటి పని. చంద్రయాన్-2 ల్యాండర్ కూలినా ఆర్బిటర్ బతికే ఉంది. చంద్రుడి చుట్టూ తిరుగుతూ పాతిక, ముప్ఫై సెంటీమీటర్ల వివరాలు కూడా కనిపించేంత స్పష్టమైన ఫొటోలు తీస్తోంది. కొత్త ల్యాండర్ దిగడానికి చోటు ఎంచుకోవడంలో అవే ఫొటోలు ఉపయోగపడ్డాయి. అందుకే చంద్రయాన్-3లో కొత్త ఆర్బిటర్ పెట్టలేదు. కూలినప్పుడు అందిన టెలిమెట్రీ, కూలనిదాని కెమెరా రెండూ కొత్త పనికి పెట్టుబడి అయ్యాయి.

మార్చినవాటిని చూస్తే ప్రతి మార్పూ పాత గొలుసులోని ఒక లంకెకు జవాబు. ఐదో ఇంజిన్ తీసేసి నాలుగు ఉంచారు. అనుకున్నదానికంటే వేగంగా తిరగవలసి వస్తే తిరగగలిగేలా సాఫ్ట్‌వేర్ రాశారు. 500 మీటర్ల చదరం బదులు సుమారు 4 కిలోమీటర్ల పొడవు, రెండున్నర కిలోమీటర్ల వెడల్పు ఉన్న ప్రాంతంలో ఎక్కడైనా దిగవచ్చన్నారు. ల్యాండర్ వేగాన్ని సూటిగా కొలిచే లేజర్ డాప్లర్ పరికరం చేర్చారు. సెకనుకు 3 మీటర్ల వేగంతో తాకినా తట్టుకునేలా కాళ్లు గట్టిపరిచారు. ఇంధనం పెంచారు, సౌర ఫలకాల వైశాల్యం పెంచారు.

వీటన్నిటి కంటే లోతైన మార్పు ప్రశ్నలో వచ్చింది. అంతకుముందు ‘అన్నీ సరిగ్గా పనిచేస్తే ఎలా దిగుతుంది’ అని డిజైను చేశారు. ఈసారి ‘ఏది చెడిపోవచ్చు, చెడిపోతే ఎలా దిగాలి’ అని మొదలుపెట్టారు. సెన్సర్ చెడితే, ఇంజిన్ ఆగితే, లెక్క తప్పితే అని ఒక్కో ఊహకూ జవాబు రాసుకున్నారు. సెన్సర్లన్నీ చెడినా, ఇంజిన్ వ్యవస్థ బాగుంటే చాలు, విక్రమ్ దిగుతుందని సోమనాథ్ ధైర్యంగా చెప్పగలిగింది అందుకే.

పరీక్షలు కూడా అలాగే సాగాయి. ల్యాండర్ నమూనాను హెలికాప్టర్‌కు కట్టి ఎగరేసి సెన్సర్లను పరీక్షించారు. శ్రీహరికోటలో క్రేన్‌కు వేలాడదీసి ఇంజిన్లు మండించారు. చంద్రుడి నేలను పోలిన మట్టి కావాలి. తమిళనాడులో నామక్కల్ దగ్గరి సిత్తంపూండి ప్రాంతంలో దొరికే అనార్థోసైట్ రాయిని పొడి చేసి ఆ మట్టి తయారుచేశారు. చంద్రయాన్-2 కాలం నుంచీ వాడుతున్న మట్టే అది. దాన్నీ ఉంచుకున్నారు. అసోసియేట్ ప్రాజెక్ట్ డైరెక్టర్ కె. కల్పన, ల్యాండర్ దిగిన సాయంత్రం మాట్లాడుతూ, చంద్రయాన్-2 అనుభవం తర్వాత మళ్లీ కట్టడం మొదలుపెట్టిన రోజు నుంచి తమ బృందానికి ఊపిరి అంతా ఇదేనన్నారు. ప్రాజెక్ట్ డైరెక్టర్ పి. వీరముత్తువేల్ బృందం పంపిన ల్యాండర్ 2023 ఆగస్టు 23 సాయంత్రం 6:04కి చంద్రుడి మీద దిగింది.

అది కూడా సులువైన కాలంలో కాదు. ఆ ఏప్రిల్‌లో జపాన్ కంపెనీ పంపిన హకుటో-ఆర్ ఒక బిలం అంచు దాటగానే నేల ఒక్కసారి లోతుకు పోయింది. ఎత్తు చెబుతున్న సెన్సర్ చెడిపోయిందనుకుని కంప్యూటర్ దాని మాట నమ్మడం మానేసింది. నేల చాలా దగ్గరలో ఉందనుకుని ల్యాండర్ నెమ్మదిగా దిగుతూ, ఇంధనం అయిపోయి కూలింది. మనది దిగడానికి నాలుగు రోజుల ముందే, ఆగస్టు 19న, రష్యా లూనా-25 కూడా కూలిపోయింది.

అంచుల్లో ఓడినవాళ్లు

కొద్దిలో తప్పిపోయినవాళ్ల సంగతి ఇంకా కష్టమైనది. యాంగ్ వాంగ్, బెంజమిన్ జోన్స్, దాషున్ వాంగ్ కలిసి అమెరికా ఆరోగ్య పరిశోధన నిధికి దరఖాస్తు చేసిన యువ శాస్త్రవేత్తలను పరిశీలించారు. కొద్దిపాటి మార్కులతో నిధి దక్కినవాళ్లను, కొద్దిపాటి మార్కులతో తప్పినవాళ్లను పక్కపక్కన పెట్టారు. అర్హతలో ఇద్దరికీ తేడా లేదు. ఆ నిధుల వ్యవస్థ నుంచే వెళ్లిపోయినవాళ్లు తప్పినవాళ్లలో ఎక్కువగా ఉన్నారు. నిలబడ్డవాళ్లు మాత్రం తర్వాతి పదేళ్లలో గెలిచినవాళ్ల కంటే ఎక్కువ ప్రభావం చూపిన పరిశోధనలు చేశారు.

దీన్ని ‘ఓడితే మంచిదే’ అని చదవడం అన్యాయం. వెళ్లిపోయినవాళ్ల కథ మనకు వినపడదు. రెండో ప్రపంచ యుద్ధంలో అబ్రహాం వాల్డ్ అనే గణితవేత్త ఇదే చిక్కు మీద లెక్కలు కట్టాడు. తిరిగొచ్చిన విమానాల మీది గుండు దెబ్బలను మాత్రమే లెక్కపెట్టి ఏ భాగం బలహీనమో ఎలా చెప్పాలి, తిరిగిరానివి ఎక్కడ దెబ్బతిన్నాయో కనబడదు కదా అన్నది ఆయన ప్రశ్న. ఆ వాల్డ్ 1950లో మన దేశానికి ఉపన్యాసాలివ్వడానికి వచ్చి, నీలగిరుల్లో విమానం కూలి చనిపోయాడు. శాస్త్రవేత్తల మీద పరిశోధన చేసినవాళ్లకు కూడా ఈ చిక్కు తెలుసు. బలవంతులే మిగలడం వల్ల వచ్చిన తేడాను తీసేసి చూసినా, నిలబడ్డవాళ్ల మెరుగు పూర్తిగా మాయం కాలేదని చూపించారు.

కానీ నిలబడాలంటే కింద ఏదో ఉండాలి. ఇస్రో ఇంజినీరుకు ల్యాండర్ కూలిన మర్నాడు కూడా జీతం వచ్చింది, ల్యాబ్ ఉంది, పక్కన బృందం ఉంది. హూడిలో ఉద్యోగం పోయినవాడికి పీజీ అద్దె ఒకటో తేదీకి కట్టాలి, ఇంటి నుంచి వచ్చే ఫోనుకు జవాబు చెప్పాలి. అతను తన ఓటమి నుంచి నేర్చుకోలేకపోతే, దాన్ని పట్టుదల లేమి అనడం క్రూరత్వం. నేర్చుకోవడానికి కాస్త వ్యవధి, నింద లేని నలుగురు మనుషులు, ఎక్కడ తప్పిందో చెప్పే కొలతలు కావాలి. ఇంటర్వ్యూలో ఏ అంశంలో సరిపోలేదో రెండు వాక్యాలు రాసి పంపితే కంపెనీకి పోయేదేమీ లేదు. ఎదుటివాడికి మాత్రం అదే టెలిమెట్రీ.

గెలుపు మరిచిపోయేది

పీటర్ మాడ్సన్, వినీత్ దేశాయ్ 2010లో ప్రకటించిన పరిశోధన నేరుగా రాకెట్ల మీదే. ప్రపంచంలో ఉపగ్రహాలు ఎగరేసే సంస్థల చరిత్రను వాళ్లు చదివారు. సంస్థలు గెలుపు నుంచి కంటే వైఫల్యం నుంచి ఎక్కువ నేర్చుకున్నాయని, ఆ నేర్చుకున్నది కూడా తొందరగా చెదిరిపోలేదని తేల్చారు. గెలుపు నుంచి నేర్చుకున్నది త్వరగా ఆవిరవుతుంది. అందుకే విక్రమ్ దిగిన పదకొండు రోజులకు, 2023 సెప్టెంబరు 3న, ఇంజిన్లను మళ్లీ మండించి దాన్ని నలభై సెంటీమీటర్ల ఎత్తుకు లేపి కాస్త పక్కన దింపిన పని నాకు చాలా నచ్చుతుంది. గెలిచాక ఇంకో కొలత తీసుకున్నారు. చంద్రుడి మీది నుంచి మట్టి తెచ్చే చంద్రయాన్-4కు ఆ కొలత కావాలి.

2025 మే 18న, దశాబ్దాలుగా నమ్మకంగా ఎగిరిన పీఎస్‌ఎల్‌వీ విఫలమైంది. మూడో దశ మోటారు లోపలి పీడనం పడిపోయి ఉపగ్రహం పోయింది. 2010లో ఆ టర్బో పంపు ఎన్ని చుట్లు తిరిగిందో, ఎంతసేపట్లో ఆగిందో ఇస్రో అంకెలతో సహా ప్రకటించింది. 2021 ఆగస్టులో జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10 విఫలమైనప్పుడు కూడా హైడ్రోజన్ ట్యాంకు వాల్వు దగ్గర కారడమే మూలమని వివరంగా చెప్పింది. పీఎస్‌ఎల్‌వీ సంగతి కూడా అంత వివరంగా అందరూ చదవగలిగేలా ప్రకటించాలి. నెల్లూరులోనో అనంతపురంలోనో మెకానికల్ చదువుతున్న అమ్మాయి, చలికి సీల్ దగ్గర రోటార్ ఎలా పట్టేయవచ్చో చదివితే, తన మొదటి డిజైనులో ఆ ఖాళీ ఎంత ఉంచాలో ముందే లెక్క వేసుకుంటుంది. ఇంకొకరి ఓటమి నుంచి మనుషులు చక్కగా నేర్చుకుంటారని ప్రయోగాలు ఎలాగూ చూపించాయి.